పాస్టరయ్య గొంతు

కిషన్‌బాగ్‌లోని షెడ్డు ముందు ఆ నల్ల కారు వచ్చి ఆగినప్పుడు సీమోను వెనక్కి తిరగలేదు. హారన్ రెండుసార్లు మోగింది. అతనికి తెలియలేదు. ఎదుటి గోడకు వేలాడే పాత కారు అద్దంలో నల్లగా ఏదో కదిలితే, అప్పుడు తిరిగి చూశాడు.

చూసి, చేతిలోని గుడ్డ కింద పెట్టేశాడు.

పాత మారుతి ఎయిట్ హండ్రెడ్. పైనుంచి కిందిదాకా నలుపే, కాని మెరుపు లేదు. తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టిన పలకలా ఉంది. రంగు కొట్టి, నీళ్లకాగితంతో, అంటే తడిపి రుద్దే గరుకు కాగితంతో రుద్ది, పాలిష్ పట్టకుండా వదిలేసిన కారు అలాగే ఉంటుంది. దాన్ని అలా రుద్దిన చెయ్యి ఎవరిదో సీమోనుకు తెలుసు. ఆ చెయ్యి మట్టిలో కలిసి ఈ వారంతో ఏడాది.

కారులోంచి స్వీటీ దిగింది. ప్రేమ్‌రాజ్ కూతురు. మాదన్నపేటలో తల్లి రాహేలుతో ఉంటుంది, నల్లా నీళ్ల బిల్లుల ఆఫీసులో ఉద్యోగం. చిన్నప్పుడు బడి వదలగానే నేరుగా ఈ షెడ్డుకే వచ్చి, రంగు డబ్బా బోర్లేసుకుని దానిమీద కూచుని లెక్కలు చేసుకునేది. కాకా అనకుండా ఒక్క మాట మొదలుపెట్టేది కాదు. ఇప్పుడు వచ్చి, తనకూ అతనికీ మధ్య కారు పొడుగంత దూరం ఉంచి నిలబడింది.

సీమోను ఆమె పెదవుల వంక చూశాడు. కొంతకాలంగా అతడు అందరి పెదవుల వంకే చూస్తున్నాడు.

శనివారం పొద్దున ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నామని చెప్పింది. కూడిక అయ్యాక అమ్మను ఈ కారులోనే సమాధుల తోటకు తీసుకుపోవాలని ఉందంది. ఏడాదిగా కారు కవరు కిందే ఉందని, ఇంకొకరి చెయ్యి పడనివ్వకుండా అమ్మే పట్టుబట్టి కూచుందని చెప్పింది. పాలిష్ పట్టడం కుదిరితే ఇక్కడ వదిలి పోతానంది. ఇంతా చెప్పి ఒక్కసారి కూడా కాకా అనలేదు. మీరనీ అనలేదు, నువ్వనీ అనలేదు. ఎదుటి మనిషిని దేనితోనూ పిలవకుండా ఇంతసేపు మాట్లాడడం ఎంత కష్టమో అంత కష్టపడి మాట్లాడింది.

సీమోను తల ఊపాడు.

ఆమె ఇంకేదైనా అంటాడేమోనని కాసేపు నిలబడింది. అనలేదు.

"ఫోన్ చేస్తే ఎత్తుడు లేదు. మెసేజ్ పెడితే జవాబు లేదు. అందుకే నేనే వచ్చిన," అని, తాళంచెవి డ్రమ్ము మీద పెట్టి, ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

ఆ మెసేజ్‌లు సీమోను ఫోనులోనే ఉన్నాయి. ఏడాదిలో పదకొండు. అన్నీ గొంతుతో పెట్టినవి. ప్రతిదాన్నీ చెవికి ఆనించుకుని, గదిలో ఫ్యాను కూడా ఆపుకుని విన్నాడు. బాణలిలో నూనె చిటపటలాడినట్టు వినిపించేది, అంతే. అందులో ఏముందో తెలియకుండా ఏమని జవాబిస్తాడు? ఎవరికైనా వినిపించి చెప్పించుకోవాలంటే చెవుల సంగతి బయటపెట్టాలి. అందుకే ఊరుకున్నాడు. ఊరుకోవడం అతనికి కొత్త కాదు గనుక ఎవరికీ అనుమానం రాలేదు.

అదే అతని అదృష్టం, దురదృష్టం కూడా. అసలే మాట తక్కువ మనిషి. "సీమోను నోట్లెకెళ్లి ఒక మాట బయటికి రావాలంటే జాక్ పెట్టి లేపాలె," అని ప్రేమ్‌రాజ్ వచ్చిన ప్రతి గిరాకీకీ చెప్పి నవ్వేవాడు. అట్లాంటి మనిషికి చెవులు మందగిస్తే లోకానికి ఎట్లా తెలుస్తుంది? చాయ్ బండివాడు మూడుసార్లు పిలిచినా పలకకపోతే, భాయ్‌కి ఇవాళ మూడ్ లేదనుకునేవాడు. చర్చిలో అందరూ లేచాక లేస్తే, మోకాళ్ల నొప్పులనుకున్నారు. భార్య పోయి తొమ్మిదేళ్లు. పిల్లలు లేరు. షెడ్డు వెనకే గది. గదిలో అతనితో మాట్లాడేవాళ్లు లేరు కాబట్టి వినపడకపోయినా ఇబ్బంది లేదు.

ఇబ్బంది అంతా మిషన్‌తోనే.

ఆ షెడ్డులో ఇరవయ్యారేళ్లు ఇద్దరి పని ఒక్క పనిగా నడిచింది. రంగు ప్రేమ్‌రాజ్‌ది, మెరుపు సీమోనుది. ఒకడు రంగు చిమ్మే గన్నుతో కొట్టేవాడు, ఇంకొకడు ఆరాక నీళ్లకాగితంతో రుద్ది, పాలిష్ మందు పూసి, మిషన్ పట్టేవాడు. మిషన్ అంటే పెద్ద బొంగరం లాంటిది. ముందర గుండ్రటి ఉన్నిబిళ్ల గాని స్పాంజి గాని తగిలిస్తే గిర్రున తిరుగుతుంది. ఎంత జోరుగా తిరగాలో చెప్పడానికి వెనక చిన్న చక్రం ఉంటుంది. దాని మీది అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. ఉన్నా ఒకటే, పోయినా ఒకటే. ఆ బస్తీలో కరెంటు పొద్దున ఒక తీరుగా, మధ్యాహ్నం ఒక తీరుగా వస్తుంది. చక్రం మూడు మీదున్నా మిషన్ రెండులా తిరిగే పూట ఉంటుంది, నాలుగులా తిరిగే పూట ఉంటుంది. పైగా చెయ్యి కాస్త బరువైతే జోరు తగ్గుతుంది, మందు ఎండిపోతుంటే స్పాంజి పట్టేసి మూలుగుతుంది. ఇవన్నీ అంకె చెప్పదు. చెవి చెప్పాలి.

అందుకని ప్రేమ్‌రాజ్ మిషన్ గొంతులకు పేర్లు పెట్టాడు. అన్నిటికంటే జోరుగా తిరిగితే మా అత్త. "మా అత్త నోరు తెరిస్తే గిట్లనే ఉంటది, ఆపేటోడు ఉండడు," అనేవాడు. అది లారీ ట్యాంకర్లకు తప్ప ఇంక దేనికీ పనికిరాదు. దానికంటే తక్కువ, గీతలు పోగొట్టే మొదటి చేతికి, అంటే మొదటి విడతకు, కుట్టుమిషన్. రాహేలు ఇంట్లో జాకెట్లు కుట్టేది, ఆ చప్పుడు. ఇక అన్నిటికంటే కిందిది, ఆఖరి చేతిది, పాస్టరయ్య. ఆరాధన చివర కళ్లు మూసుకుని పాస్టరయ్య చేసే ప్రార్థనలా గొణుగుడుగా, ఒక్క తీరుగా ఉంటుంది.

తెల్లకారుకు ఎవరు ఎట్లా పట్టినా చెల్లిపోతుంది. నలుపుకు, ముదురు నీలానికి చెల్లదు. ఆఖరి చేతిలో పాస్టరయ్యను దాటి కొంచెం పైకి పోయినా స్పాంజి వేడెక్కి రంగు మీద సన్నటి సుడులు వేస్తుంది. నీడలో కనపడవు. మందులోని నూనె వాటిని కప్పి ఉంచుతుంది. నాలుగుసార్లు కడిగి ఎండలో నిలబెడితే కారు ఒళ్లంతా సాలెగూళ్లు. అంచుల దగ్గరైతే మరీ పలచన, జోరు ఎక్కువైతే రంగే లేచిపోయి కింది బూడిదరంగు అస్తరు బయటపడుతుంది. అందుకే సీమోను ముదురు రంగు కారును స్పిరిట్‌తో తుడిచి, ఎండలో నిలబెట్టి, చుట్టూ రెండుసార్లు తిరిగి చూసుకున్నాకే గిరాకీకి కబురు చేసేవాడు.

ఒక్కసారి అలా చూసుకోలేదు. రెండేళ్ల కిందట, ముసురు పట్టి ఎండే లేని వారంలో, ఒక ముదురు నీలం కారును తొందరపెడితే అట్లాగే ఇచ్చేశాడు. పది రోజులకు అది వెనక్కి వచ్చింది. ఒళ్లంతా సుడులే. గిరాకీ ఏమీ అనకముందే ప్రేమ్‌రాజ్ అన్నాడు, అందరి ముందరా.

"నీ చెవులు పోయినయ్ సీమోన్. మిషన్ మొత్తుకుంటున్నా నీకు ఎరుక లేదు. పాస్టరయ్య అనుకుని అత్తను గుంజుతున్నవ్."

"నీ గన్ను సంగతి నువ్వు చూస్కో. నా మిషన్ జోలికి రాకు," అన్నాడు సీమోను.

అంతే. ఇరవయ్యారేళ్లలో అదే ఆఖరి మాట అయి కూచుంది. ఆ తర్వాత నెలల తరబడి ఒకే రేకుల కింద, పది అడుగుల దూరంలో, ఒకరి వీపు ఒకరు చూసుకుంటూ పనిచేశారు. ముదురు రంగులు వస్తే సీమోను ఏదో ఒక సాకు చెప్పి తిప్పి పంపేవాడు. ప్రేమ్‌రాజ్ చూసీ చూడనట్టుండేవాడు.

ఆ రోజుల్లోనే ప్రేమ్‌రాజ్ ఈ ఎయిట్ హండ్రెడ్ కొన్నాడు. ఊళ్లో వాళ్ల కార్లన్నిటికీ రంగు కొట్టి కొట్టి, తనకంటూ కొన్న మొదటి కారు. ఏ రంగు కొడతాడో అని సీమోను ఓరగా చూశాడు. నలుపు కొట్టాడు. ఏడు పూతలు, ఒక్క దుమ్ము రవ్వ లేకుండా. ఆరడానికి పెట్టి, ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, ఇరవయ్యారేళ్లుగా సీమోను చెయ్యాల్సిన పని, నీళ్లకాగితంతో రుద్దడం, తానే చేశాడు. చేసి, కారును షెడ్డులో సీమోను వైపుకు నెట్టి, మూతి సరిగ్గా మిషన్ వైపు ఉండేలా నిలబెట్టాడు.

సోమవారం సీమోను వచ్చి చూశాడు. అది అడగడమేనని అతనికి తెలుసు. తెలిసీ, నోటితో అడగనీ అనుకున్నాడు. ఆ రోజంతా కారు పక్కనుంచే నడిచాడు, దానిమీద చెయ్యి వెయ్యలేదు. మంగళవారం తెల్లవారకముందే ప్రేమ్‌రాజ్‌కు గుండె ఆగింది.

మట్టి ఇచ్చేనాడు సీమోను సమాధుల తోట దాకా వెళ్లాడు. గేటు దగ్గర నిలబడ్డాడు. లోపల అందరి పెదవులూ కదులుతున్నాయి. ఎవరు ఏమంటున్నారో ఒక్కటీ అందలేదు. ఎవరైనా వచ్చి తనతో మాట్లాడితే ఏం చెయ్యాలో తోచక, అక్కణ్ణుంచే తిరిగి వచ్చేశాడు.

ఇప్పుడు ఆ కారు మళ్లీ మూతి తన వైపే పెట్టుకుని నిలబడింది. ఇంతకాలం లేని భయం ఒకటి సీమోనుకు పట్టుకుంది. ఏ రంగు పోయినా ప్రేమ్‌రాజ్ మళ్లీ కొట్టేవాడు. ఈ రంగు పోతే కొట్టేవాడు లేడు. అతడు తనకోసం కొట్టుకున్న నలుపు మిగిలింది ఈ ఒక్క కారు మీదే.

కాదు, ఇంకో చోట కూడా ఉంది. ఏ కారుకైనా రంగు కలిపాక ముందుగా ఒక పాత తలుపు మీద కొట్టి చూసుకోవడం ప్రేమ్‌రాజ్ అలవాటు. ఈ నలుపు కొట్టి చూసుకున్న తలుపు షెడ్డు మూల రేకుల వెనక అట్లాగే ఉంది. బుధవారం సీమోను దాన్ని బయటికి లాగాడు. ఉస్మాన్‌గంజ్ పోయి కొత్త స్పాంజి, స్పిరిట్ సీసా తెచ్చుకున్నాడు. తలుపును బల్ల మీద పడుకోబెట్టి, రుద్ది, అంచులకు టేపు వేసి, మిషన్ ఎత్తాడు.

ఒకప్పుడు మిషన్‌కు మూడు గొంతులు. ఇప్పుడు ఒక్కటే. దూరంగా రైలు పోతున్నట్టు గుడగుడ. చక్రం తిప్పినా అదే, మళ్లీ తిప్పినా అదే. చేతులతో పట్టుకుందామని చూశాడు. ముప్పై ఏళ్లు వణుకు తిన్న చేతులు, వాటికీ ఏ తేడా తెలియడం లేదు. మిషన్ వీపు మీద గడ్డం ఆనించి చూశాడు. పళ్లు జివ్వుమన్నాయి తప్ప జోరు ఎంతో తేలలేదు. ఇక లాభం లేదని, మనసులో పాస్టరయ్యను తలుచుకుంటూ, చక్రాన్ని అలవాటైన చోట పెట్టి పట్టాడు.

నీడలో చూస్తే తలుపు అద్దంలా ఉంది. అతనికి ఆశ పుట్టింది. స్పిరిట్‌తో తుడిచి, టేపు పీకి, రెండు చేతులా ఎత్తుకుని గల్లీలోకి తెచ్చి ఎండకు పట్టాడు.

ఎండ పడగానే సుడులు లేచాయి. ఒకదానిలో ఒకటి, ఒకదాని మీద ఒకటి. టేపు వేసిన చోటి పక్కనే అంగుళం పొడుగున బూడిదరంగు అస్తరు తేలి ఉంది.

తలుపును గోడకు ఆనించి అక్కడే కూచున్నాడు. చాయ్ బండివాడు గ్లాసు తెచ్చి ఏదో అడిగాడు. సీమోను తల ఊపాడు. అది అవునో కాదో అతనికే తెలియదు.

కొత్త మిషన్ల సంగతి అతను వినకపోలేదు. అత్తాపూర్‌లో నర్సింహ అని, ఒకప్పుడు ఇదే బస్తీలో పనిచేసినవాడు, పెద్ద దుకాణం పెట్టాడు. అతని మిషన్ల మీద అంకెలు ఎర్రగా వెలుగుతాయంటారు. కాని కొత్త మిషన్ బరువు చేతికి అలవాటు కావడానికి పది కార్లు కావాలి. ఆ పదింటిలో ఇది మొదటిది కాకూడదు. నర్సింహకే ఇచ్చేయమని చెబుతాను, అనుకున్నాడు. గురువారమంతా ఆ మాటే లోపల కూడబలుక్కున్నాడు. కారును ముట్టలేదు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికే స్వీటీ వచ్చింది. తెచ్చినప్పుడు ఎట్లా ఉందో కారు అట్లాగే, పలకలా ఉండడం చూసింది.

"చెయ్యలే," అంది.

"నాతోని కాదు," అన్నాడు సీమోను. "అత్తాపూర్ల నర్సింహ ఉన్నడు. మంచిగ జేస్తడు. నేను చెప్పిన్నని చెప్పు."

ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసింది.

"బాపు మీద కోపం ఇంకా పోలేదా?"

అతడు మిషన్ వైపు చూశాడు.

"మట్టి ఇచ్చేనాడు గేటు కాడికి వచ్చి గట్లనే వాపస్ పోయినవ్. నేను చూసిన. పదకొండు మెసేజ్‌లు పెట్టిన, ఒక్కదానికి ఊ అనలే. మీరిద్దరు ఎందుకు లొల్లి పెట్టుకున్నరో నాకు తెల్వది, బాపు ఇంట్ల చెప్పలే. కని సచ్చిపోయిన మనిషితోని గింత పంతమా?"

అని ముఖం తిప్పేసుకుంది. భుజాలు కదులుతున్నాయి, ఇంకా ఏదో అంటూనే ఉంది. అనేదేదో అతనికి అందడం లేదు. గేటు దగ్గర నిలబడిన నాటిలాగే ఉంది. ఆ రోజు తిరిగి వెళ్లిపోయాడు. ఇప్పుడు వెళ్లిపోవడానికి వెనక తన గదే ఉంది, అందులో ఎవరూ లేరు.

సీమోను రెండడుగులు వేసి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇటు తిరిగి చెప్పు బిడ్డా."

"ఎందుకు?"

"నాకు వినవడ్తలేదు."

ఆమెకు అర్థం కాలేదు. అతడు తన చెవి చూపించాడు. తర్వాత మిషన్ చూపించాడు. ఆ తర్వాత మాటలు ఒక్కొక్కటీ, జాక్ మీద లేచినట్టే, లేచి వచ్చాయి.

"రెండేండ్ల సంది. మీ బాపు నా మొకం మీదనే చెప్పిండు, నీ చెవులు పోయినయ్ అని. ఆయన జెప్పిందే నిజం. నేనే ఒప్పుకోలే."

జేబులోంచి ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాడు. "గీండ్ల నువ్వు ఏమన్నవో నాకు తెల్వది."

తలుపు దగ్గరికి తీసుకుపోయి, ఎండలో సుడులు చూపించాడు, అంచున తేలిన అస్తరు చూపించాడు. ఆమె ఆ బూడిదరంగు మీద వేలు పెట్టి రాసింది. తర్వాత ఫోను తెరిచి మెసేజ్‌లన్నిటినీ పైకి జరుపుకుంటూ మొదటిదాని దగ్గర ఆగింది. దాన్ని వినిపించలేదు. అతనికి ఎదురుగా నిలబడి, పెదవులు బాగా కదిలిస్తూ, అందులో ఉన్నది తానే చెప్పింది.

"ఆ ఆదివారం రాత్రి అన్నం తినుకుంట బాపు అన్నడు. కారు ఆని ముంగట పెట్టిన. రెండు దినాలు చూస్తా. సీమోను పట్టకుంటే నేనే మిషన్ పట్టుకుని ఖరాబ్ చేస్త. అప్పుడన్న ఉరికొచ్చి నా చేతులకెళ్లి గుంజుకుంటడు, అని. అమ్మ నేను మస్తు నవ్వినం."

సీమోను కారు వైపు చూశాడు.

"గుంజుకుందును," అన్నాడు.

స్వీటీ కళ్లు తుడుచుకుంది. షెడ్డులోకి పోయి చుట్టూ వెతికి, ఒక రంగు డబ్బా తెచ్చి, కారు ముందు బోర్లేసి, దానిమీద కూచుంది. ఆఫీసుకు ఫోను చేసి రానని చెప్పింది. తర్వాత సీమోను వైపు తిరిగి, "నాకు వినవడ్తది కదా కాకా," అంది. "గా పేర్లన్ని నాకు యాదున్నయ్. బాపు నన్ను ఎన్నిసార్లు పరీక్ష పెట్టిండు గీన్నే కూచోబెట్టి."

మిషన్ నడుస్తుంటే దగ్గరగా అరిచినా అతనికి మాట అందదు. అందుకని ఆమె సైగలు పెట్టుకుంది. నడుము మీద చెయ్యి వేసుకుంటే అత్త. కాలు నేలకేసి తొక్కితే కుట్టుమిషన్. రెండు చేతులు జోడిస్తే పాస్టరయ్య. ముందుగా ఖాళీ మిషన్ తిప్పి చూశారు. సీమోను చక్రం తిప్పగానే ఆమె నడుము మీద చెయ్యి వేసుకుని, వాళ్ల అమ్మమ్మ మూతి తిప్పినట్టు మూతి తిప్పింది. సీమోనుకు నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్లయిందో బుగ్గలు నొప్పి పెట్టాయి.

అంచులకు టేపు వేశాడు. ఉన్నిబిళ్ల తగిలించి మొదటి చేయి డిక్కీ మీద మొదలుపెట్టాడు. ఆమె కాలు తొక్కుతూనే ఉంది. కరెంటు పెరిగినప్పుడల్లా చెయ్యి నడుము మీదికి పోయేది, అతడు వెంటనే చక్రం తగ్గించేవాడు. మందు ఎండి మిషన్ మూలిగితే ఆమె ముఖం చిట్లించేది, అతడు బరువు తీసేవాడు. ఉన్నిబిళ్ల నల్లబడింది. ప్రేమ్‌రాజ్ రంగు అది. బిళ్లకు అంటిన ఆ కాస్త నలుపూ వృథా అయినట్టే అనిపించి, అవసరానికి మించి ఒక్క చుట్టు కూడా తిప్పలేదు.

మధ్యాహ్నం చాయ్ బండివాడు వచ్చి, డబ్బా మీద కూచుని చేతులు జోడించిన పిల్లనూ మిషన్ పట్టిన ముసలాయననూ చూసి, ఇదేం ప్రార్థనో అర్థంకాక గ్లాసులు అక్కడ పెట్టి పోయాడు.

ఆఖరి చేతికి మెత్తటి స్పాంజి తగిలించాడు. ఇదే అసలు పని. డిక్కీ, తలుపులు, కప్పు. ప్రతి రెండు చుట్లకూ తల ఎత్తి ఆమెను చూడాల్సి వచ్చేది, తల ఎత్తితే చెయ్యి కదిలేది. మెడ నొప్పి పుట్టింది. అట్లాగే చేశాడు. బానెట్‌ను ఆఖరికి ఉంచుకున్నాడు, మూతి తన వైపు పెట్టి నిలబెట్టిన ఆ బానెట్‌ను.

దానిమీద సగం దూరం వచ్చాక ఒక సంగతి గమనించాడు. తల ఎత్తనక్కర్లేదు. పలకలా ఉన్న నలుపు తేటపడి, లోతు వచ్చి, అందులో షెడ్డు రేకులు కనిపిస్తున్నాయి, రేకుల కింద డబ్బా కనిపిస్తున్నది, డబ్బా మీద స్వీటీ, జోడించిన ఆమె చేతులు. ప్రేమ్‌రాజ్ కొట్టిన రంగులోనే అతని కూతురు చేతులు జోడించి కూచుని ఉంది. ఆ చేతులు విడివడితే అతడు ఆగాలి. అవి విడివడలేదు. సీమోను ఆ చేతుల నీడ చుట్టూ స్పాంజి నడిపించుకుంటూ బానెట్ చివరిదాకా వెళ్లాడు.

ఆపి, ఆగిందో లేదో మిషన్ మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు.

స్పిరిట్‌తో కారంతా తుడిచాడు. నాలుగున్నర ఎండ గల్లీలోకి ఏటవాలుగా పడుతున్నది. ఇద్దరూ కలిసి కారును బయటికి నెట్టారు. స్వీటీ మాట్లాడబోతే చెయ్యి అడ్డంపెట్టి ఆపి, చుట్టూ ఒకసారి తిరిగాడు. రెండోసారి తిరిగాడు. వంగి, తల ఓరగా పెట్టి, ప్రతి అంచూ చూశాడు. సుడులు లేవు. అస్తరు లేదు. ఎండ ఒక్క చుక్కగా నలుపులో పడి, ఎక్కడా చెదరకుండా ఉంది.

"మీ బాపు సగం, నా సగం," అన్నాడు.

"నా సగం లేదా?" అంది స్వీటీ.

"నువ్వు చెవులు."

రేపు తొమ్మిదింటికి కూడిక అని, తప్పకుండా రావాలని చెప్పింది. ముందు వరుసలో కూచుంటే పాస్టరయ్య పెదవులు కనపడతాయని, ఇక నుంచి మెసేజ్‌లు రాసే పెడతానని చెప్పింది. చెవుల డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోదాం అని అడిగింది. సీమోను తల ఊపాడు. ఈసారి అది అవునే. ఆమె కారెక్కి, నెమ్మదిగా గల్లీ మొగదాకా పోయింది. మలుపు దగ్గర చాయ్ బండివాడు, గుమ్మాల్లో కూచున్న ఆడవాళ్లు, అందరూ ఒక్కసారి కారు వైపు తలలు తిప్పారు. ఆమె హారన్ కొట్టిందని సీమోనుకు అట్లా తెలిసింది. చెయ్యి ఎత్తాడు. కారు మలుపు తిరిగిపోయింది.

షెడ్డులోకి వచ్చి స్పాంజి కడిగి ఆరేశాడు. బోర్లించిన డబ్బా అక్కడే ఉంది, దానిమీద ఎవరూ లేరు. చెడిపోయిన తలుపును తీసుకుపోయి, గిరాకీకి కనపడేటట్టు ముందరి గోడకు నిలబెట్టాడు, అస్తరు తేలిన వైపు పైకి ఉండేలా. సోమవారం ఒక ముదురు నీలం కారు తెస్తానని ఒక గిరాకీ కబురు చేశాడు. వస్తే, సాకులు చెప్పకుండా, నాకు వినపడదు, తెల్లవైతే చేస్తా, ముదురువి నర్సింహ దగ్గరికి తీసుకుపొమ్మని నోటితోనే చెప్పాలనుకున్నాడు. ఆ మాటను ఒకసారి పైకి అని చూసుకున్నాడు. సరిగ్గా వచ్చిందో లేదో చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు.

దుమ్ము పోవడానికి మిషన్ ఒకసారి ఖాళీగా తిప్పాడు. దూరంగా రైలు పోతున్నట్టు గుడగుడ. అత్తో, పాస్టరయ్యో. కాసేపు అట్లాగే పట్టుకుని నిలబడి, ఆపేసి, దాని వీపు మీద అరచెయ్యి పెట్టాడు.

ఆగింది.